చీనీ తొక్క, ఎర్రగడ్డ పొట్టు, నానో పొడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

మొక్కల వ్యర్థాల రసంతో లోహ ఆక్సైడ్ నానో కణాలు (మీటరులో వందకోట్లో వంతైన నానోమీటర్లలో కొలిచే అతి సన్న కణాలు) తయారుచేయడం గురించి అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల శీర్షికను పూర్తిగా కేటాయించాం. రాసినవాళ్లలో ఎక్కువమంది ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లు. ఒక టీచరు, ఒక రైతు, ఒక అద్దకం పనివారు కూడా ఉన్నారు. రసం కలపకుండా అదే ప్రయోగం ఇంకోసారి చేసి చూడమన్న మాట ఒక జవాబులో వస్తుంది. విసుగనిపించినా దాన్ని మాత్రం వదలకండి.

ప్రశ్న: సార్, జ్యూస్ అంగళ్ల నుంచి చీనీ (బత్తాయి) తొక్కలు తెచ్చి, ఎండబెట్టి పొడి చేసి, గంటసేపు మరిగించి రసం తీశాను. జింక్ నైట్రేట్‌లో కలిపి సోడియం హైడ్రాక్సైడ్ పోయగానే అంతా జావలా జిగటగా అయిపోయింది. ఫిల్టర్ దిగడం లేదు. ఎలాగో ఎండబెట్టి 300 డిగ్రీల్లో కాలిస్తే బూడిద రంగు పొడి వచ్చింది. తెల్లగా రావాలి కదా? తప్పు ఎక్కడ జరిగింది? (ఎమ్మెస్సీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: తప్పు రెండుచోట్ల జరిగింది, రెండూ సరిదిద్దుకోగలిగినవే. మొదటిది జిగట. చీనీ తొక్క లోపల తెల్లగా దూదిలా ఉండే పొర ఉంటుంది చూడండి, దాని నిండా పెక్టిన్. జామ్ గట్టిపడేది దీనివల్లే. గంటసేపు మరిగిస్తే పెక్టిన్ అంతా నీళ్లలోకి దిగుతుంది. ఆపైన క్షారం పోస్తే పెక్టిన్ గొలుసుల మీదున్న మిథైల్ గుంపులు ఊడిపోయి, ఆ ఖాళీల్లో జింక్ అయాన్లు పట్టుకుంటాయి. ఒక్కో జింక్ అయాను రెండు గొలుసులను కలిపి కుట్టేస్తుంది. మీ బీకరులో తయారైన జావ అదే.

కాబట్టి తొక్క ఎండబెట్టక ముందే తెల్ల పొరను స్పూనుతో గీకి తీసేయండి. పైనున్న పచ్చ, పసుపు పొర చాలు. మన ఎండకు రెండు రోజుల్లో ఎండిపోతుంది గానీ, అలా ఎండితే తొక్క గోధుమరంగుకు తిరిగి, అందులోని ఫినాలిక్ పదార్థాలు కొంత ఆక్సీకరణం చెందుతాయి. నీడలో వారం, పది రోజులు, చేత్తో విరిస్తే పుటుక్కుమనేదాకా ఆరనివ్వండి. మిక్సీలో పొడిచేసి జల్లించి, 10 గ్రాముల పొడిని 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. మరగనివ్వొద్దు. పలుచని గుడ్డలో వడకట్టి, తర్వాత వాట్‌మన్ ఒకటో నంబరు కాగితంలో వడకట్టండి. ఇంకా జిగటగా అనిపిస్తే, చల్లారిన రసానికి సమానంగా ఇథనాల్ పోసి గంట వదిలేయండి. పెక్టిన్ దారాలు దారాలుగా, మేఘంలా విడిపోతుంది. దాన్ని తీసేసి, ఇథనాల్‌ను వాటర్‌బాత్ మీద ఆవిరి చేయండి. మంట దరిదాపుల్లో ఉండకూడదు. రసాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మూడు, నాలుగు రోజుల్లో వాడేయండి. పులిసిన వాసన వస్తే పారబోసి కొత్తది తీయండి.

ఇక అసలు తయారీ. జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 2.97 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 0.1 మోలార్ ద్రావణం. దాన్ని 60 నుంచి 70 డిగ్రీల దగ్గర మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పుతూ, 20 మి.లీ. రసాన్ని పావుగంటలో చుక్కచుక్కగా వేయండి. తర్వాత 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, అంటే 100 మి.లీ.కి 4 గ్రాములు, బ్యూరెట్‌తో చుక్కలుగా వదలండి. పీహెచ్ 10 చేరగానే ఆపేయండి. లెక్క ప్రకారం మీ జింకుకు 20 మి.లీ. క్షారం సరిపోతుంది, రసంలోని ఆమ్లాల కోసం ఇంకో రెండు, మూడు మి.లీ. పట్టవచ్చు. 30 మి.లీ. దాటిందంటే ఆగి ఆలోచించండి. జింక్ హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారం మరీ ఎక్కువైనా జింకేట్‌గా మారి కరిగిపోతుంది. "నిన్న తెల్లగా వచ్చింది, ఈరోజు బీకరు ఖాళీగా ఉంది" అని రాసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకూ ఇదే జవాబు.

రెండు గంటలు తిప్పి, చల్లార్చి, 5000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి పొడిని అడుక్కు దించండి. నీళ్లతో మూడుసార్లు, ఇథనాల్‌తో ఒకటి రెండుసార్లు కడగండి. కడిగిన నీటి పీహెచ్ 7కు దగ్గరగా వచ్చేదాకా కడగాలి. ఆఖరున ఇథనాల్ ఎందుకంటే, నీరు ఆరేటప్పుడు కణాలను ఒకదానికొకటి లాగి గడ్డకట్టిస్తుంది. ఇథనాల్‌తో ఆ లాగుడు తగ్గుతుంది. 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, మఫిల్ ఫర్నేస్‌లో (కరెంటు కొలిమిలో) నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచుతూ 450 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి.

మీ రెండో తప్పు ఇక్కడే జరిగింది. 300 డిగ్రీల దగ్గర రసం తాలూకు కార్బన్ పూర్తిగా కాలదు, అందుకే బూడిద రంగు. 450 దగ్గర కాలిపోతుంది. ఇంకా మంచిదని 700కు పోవద్దు, స్ఫటికాలు పెరిగి పెద్దవైపోతాయి. ఫర్నేస్ తెరిచినప్పుడు పొడి పసుపుగా కనిపిస్తే కంగారుపడకండి. జింక్ ఆక్సైడ్ వేడిగా ఉన్నప్పుడు పసుపు, చల్లారాక తెలుపు.

పొడిని తూకం వేయండి. ఈ కొలతలకు రాగలిగిన జింక్ ఆక్సైడ్ గరిష్ఠంగా 0.81 గ్రాములు. 0.7 వస్తే బాగా చేసినట్లే, కడగడంలో కాస్త పోతుంది. 1.1 గ్రాములు వచ్చిందని సంతోషపడొద్దు. ఎక్కువగా వచ్చినదంతా కాలని కార్బనో, కడగని సోడియం ఉప్పో అయి ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్ కిరణాలతో పదార్థం ఏదో తేల్చే పరీక్షకు) డబ్బు కట్టే ముందు ఈ తూకమే మీకు సగం నిజం చెప్పేస్తుంది.

ప్రశ్న: మా తోటలో దానిమ్మ తొక్కలు బోలెడు. వాటి రసాన్ని ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేయగానే ఒక్క క్షణంలో నల్లగా మారింది. వెంటనే రంగు మారడం ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు ఏర్పడ్డాయనడానికి గుర్తు అని చదివాను. ఇంత తేలిగ్గా అయిపోతుందా? (బీఎస్సీ విద్యార్థి, కళ్యాణదుర్గం)

జవాబు: మీ అనుమానం సరైనదే. మీరు చేసింది సిరా. కరక్కాయ కషాయంలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేసి మన పెద్దవాళ్లు రాతకు సిరా చేసుకున్నదీ, కలంకారీ బట్ట మీద కరక్కాయ పాలు పట్టించి తుప్పునీటి కలంతో గీస్తే నల్లటి గీత పడేదీ ఈ చర్యతోనే. దానిమ్మ తొక్కలో టానిన్లు దండిగా ఉంటాయి. అవి ఇనుప అయానును పట్టుకున్న క్షణమే నలుపు, నీలినలుపు రంగు వస్తుంది. అది ఇనుము, టానిన్ కలిసిన సమ్మేళనం. ఆక్సైడ్ ఇంకా పుట్టనే లేదు.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ నల్లటి ద్రావణం కొంచెం టెస్ట్‌ట్యూబ్‌లో తీసుకుని ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం కలపండి. నలుపు నిమిషంలోపే విరిగి లేత పసుపుపచ్చగా మారితే అది సిరాయే. ఆక్సైడ్ పొడి అంత త్వరగా కరగదు. బయటనుంచి గట్టి అయస్కాంతం పెట్టి చూడండి. మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే నల్లటి ఐరన్ ఆక్సైడ్) అయితే గాజు గోడకు పాకుతుంది, సిరా కదలదు.

నిజంగా మాగ్నెటైట్ కావాలంటే ఇనుము రెండు రూపాల్లోనూ ఉండాలి, ఫెర్రిక్ (ప్లస్ మూడు) రెండు వంతులు, ఫెర్రస్ (ప్లస్ రెండు) ఒక వంతు. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.41 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2.78 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. ఆ నీటిని ముందే మరిగించి, మూతపెట్టి చల్లార్చి, అందులోని గాలిని పోగొట్టండి. లేకపోతే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోయి వంతులు తప్పుతాయి. 70 డిగ్రీల దగ్గర అమోనియా ద్రావణాన్ని పీహెచ్ 10 దాకా వేస్తే నల్లటి గింజ కడుతుంది. రసాన్ని గింజ కట్టాకే వేయాలి, అదీ 5 మి.లీ. మించకుండా. ముందే వేస్తే టానిన్లు ఇనుమును బిగబట్టి గింజ కట్టనివ్వవు. పొడిని గాలిలో ఎక్కువ వేడి చేస్తే గోధుమరంగుకు తిరిగి మాగ్హెమైట్ అవుతుంది, ఇంకా కాలిస్తే ఎర్రటి హెమటైట్. అందుకని 60 డిగ్రీలకు మించకుండా ఆరబెట్టండి.

మీరు ముందు చేసిన నల్లటి పదార్థం పనికిరానిదని కాదు. ఇనుము, పాలీఫినాల్ సమ్మేళనాల మీద విడిగా పరిశోధనలు జరుగుతున్నాయి. దాన్ని దాని పేరుతో పిలవాలి, అంతే.

ప్రశ్న: నా ప్రాజెక్టు రిపోర్టులో "మొక్క రసంలోని ఫ్లేవనాయిడ్లు జింక్ అయాన్లను క్షయకరణం చేసి జింక్ ఆక్సైడ్ నానో కణాలుగా మార్చాయి" అని రాశాను. చదివిన పేపర్లలో అలాగే ఉంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఒప్పుకోలేదు. ఎందుకు? (ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: ఎందుకంటే అక్కడ క్షయకరణమే (అయాను ఎలక్ట్రాన్ పుచ్చుకోవడమే) లేదు. జింక్ నైట్రేట్‌లో జింక్ మీద ప్లస్ రెండు, జింక్ ఆక్సైడ్‌లోనూ ప్లస్ రెండే. ఎలక్ట్రాన్ ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు. ఆ వాక్యం వెండి, బంగారం నానో కణాల పేపర్ల నుంచి వచ్చి అతుక్కుంది. అక్కడ వెండి అయాను వెండి లోహమవుతుంది కాబట్టి ఆ మాట చెల్లుతుంది.

మరి రసం చేసే పని ఏమిటి? ఫినాలిక్‌లు, సేంద్రియ ఆమ్లాలు జింక్‌ను చుట్టుకుని గింజలు ఒక్కసారిగా కట్టకుండా నెమ్మదింపజేస్తాయి. పుట్టిన గింజల ఉపరితలానికి అతుక్కుని ఒకదానితో ఒకటి గడ్డకట్టకుండా, మరీ పెరగకుండా అడ్డుపడతాయి. ఆక్సైడ్‌ను పుట్టించేది మాత్రం మీరు పోసిన క్షారం, తర్వాతి కాల్పు. ఇదే మాట రిపోర్టులో రాయండి. దానికి రుజువుగా రసం లేకుండా, అదే నీళ్లు, అదే క్షారం, అదే కాల్పుతో ఇంకో శాంపిల్ చేసి పక్కన పెట్టండి. రసం ఉన్న పొడి సన్నగా, లేని పొడి ముతకగా వస్తే మీ రసం పనిచేసిందని మీరే చూపించినట్లు. రెండూ ఒకటే అయితే అదీ ఫలితమే, దాచొద్దు. నా అభిప్రాయంలో ఈ ఒక్క శాంపిల్ లేని రిపోర్టు సగం రిపోర్టే.

ఇంకో మాట. 450 డిగ్రీల్లో రెండు గంటలు కాల్చాక పొడి మీద ఫ్లేవనాయిడ్లు మిగలవు. కాల్చిన పొడిని చూపించి "రసం కణాలను కప్పి ఉంచింది" అని రాయకండి. కాల్చకముందు ఒకటి, కాల్చాక ఒకటి ఎఫ్‌టీఐఆర్ (సేంద్రియ పదార్థాలున్నాయో లేదో చూపే పరారుణ పరీక్ష) తీయించండి, తేడా మీకే కనబడుతుంది.

ప్రశ్న: మార్కెట్ యార్డు దగ్గర ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) పొట్టు ఊరికే దొరుకుతుంది. దాని రసం, మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) కాపర్ ఆక్సైడ్ చేయబోతే నల్లగా రాకుండా ఇటుక రంగులో వచ్చింది. (పరిశోధక విద్యార్థి, కర్నూలు)

జవాబు: పై జవాబులో క్షయకరణం లేదన్నాం, మీ బీకరులో మాత్రం ఉంది. రాగికి ప్లస్ రెండు నుంచి ప్లస్ ఒకటికి దిగడం తేలిక. మూత్రంలో చక్కెర చూసే బెనెడిక్ట్ పరీక్షలో నీలం పోయి ఇటుకరంగు వస్తుందే, అదే ఇది. పొట్టులోని చక్కెరలు, క్వెర్సెటిన్ లాంటి పదార్థాలు వేడి క్షారంలో రాగిని దించేశాయి. మీకు వచ్చింది క్యూప్రస్ ఆక్సైడ్. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులో దాని పెద్ద శిఖరాలు 36.4, 42.3 డిగ్రీల దగ్గర వస్తాయి. మీకు కావలసిన క్యూప్రిక్ ఆక్సైడ్‌వి 35.5, 38.7 దగ్గర. రెండూ కలిసి వస్తే అది మిశ్రమం.

దారులు రెండు. ఒకటి, వచ్చినదాన్ని గాలి ఆడేలా పలుచగా పరిచి 400 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చడం. నల్లగా మారిపోతుంది. రెండోది, మొదట్లోనే రసం తగ్గించడం. మైలుతుత్తం 2.5 గ్రాములు 100 మి.లీ.లో కరిగించి, రసం 5 మి.లీ.తో ఆపండి. క్షారం గది వేడిమి దగ్గరే వేసి నీలిరంగు అవక్షేపం రానివ్వండి, తర్వాత 80 డిగ్రీలకు తీసుకుపోండి. ఇక్కడ వచ్చేది గరిష్ఠంగా 0.8 గ్రాములు. ఎరువుల అంగడి మైలుతుత్తంలో ఇనుము కలిసి ఉండొచ్చు. ప్రాజెక్టుకు ల్యాబ్ గ్రేడే కొనండి.

ప్రశ్న: మా హైస్కూల్లో ఫర్నేస్ లేదు, సెంట్రిఫ్యూజ్ లేదు. సైన్స్ ఫెయిర్‌కు పిల్లలతో ఏదైనా చేయించవచ్చా? (సైన్స్ టీచరు, ఎమ్మిగనూరు)

జవాబు: చేయించవచ్చు మేడం, పై ప్రశ్నలోని కాపర్ ఆక్సైడే. నీలి అవక్షేపాన్ని వేడినీళ్ల గిన్నెలో పెడితే కొద్ది నిమిషాల్లో పిల్లల కళ్ల ముందే నల్లబడుతుంది. కాల్చే పనే లేదు. సోడియం హైడ్రాక్సైడ్ మాత్రం కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని మీరే వేయండి. సెంట్రిఫ్యూజ్ బదులు పొడవాటి గ్లాసులో రాత్రంతా తేర్చి, పైనీళ్లు వంపేస్తే చాలు. చార్టు మీద "నానో కణాలు" అని రాయించకండి. సైజు కొలవకుండా ఆ మాట అనకూడదని పిల్లలకు చెప్పడమే మంచి పాఠం. "కాపర్ ఆక్సైడ్ సన్నపొడి" అని రాయించండి.

ప్రశ్న: ఎక్స్‌ఆర్‌డీ డేటాతో షెర్రర్ సూత్రం (శిఖరం వెడల్పు నుంచి స్ఫటికం సైజు చెప్పేది) ప్రకారం లెక్కవేస్తే సైజు 0.36 నానోమీటర్ వచ్చింది. ఇంత చిన్నది సాధ్యమా? శిఖరం 36.3 దగ్గర, సగం ఎత్తులో వెడల్పు 0.4. (ఎమ్మెస్సీ విద్యార్థిని, కడప)

జవాబు: సాధ్యం కాదు. అది రెండు, మూడు పరమాణువుల వెడల్పే. మీరు 0.4 డిగ్రీలను రేడియన్లలోకి మార్చలేదు. 0.4ను 3.1416తో గుణించి 180తో భాగిస్తే 0.00698. కోణం దగ్గర మాత్రం మీరు తప్పు చేయలేదు: గ్రాఫు మీద ఉన్నది టూ థీటా, కొసైన్‌కు కావలసింది దానిలో సగం, 18.15 డిగ్రీలు. దాని కొసైన్ 0.950. పైన 0.9 అన్న స్థిరాంకాన్ని ఎక్స్ కిరణం తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లతో గుణిస్తే 0.1387. కింద 0.00698ను 0.950తో గుణిస్తే 0.00663. భాగిస్తే సుమారు 21 నానోమీటర్లు.

యంత్రం వల్ల కూడా శిఖరం కొంత వెడల్పవుతుంది. ల్యాబ్ వాళ్లను సిలికాన్ ప్రమాణ శాంపిల్ వెడల్పు అడిగి, దాన్ని తీసివేయాలి. వచ్చిన 21 అన్నది స్ఫటికం సైజు, కణం సైజు కాదు. ఒక కణంలో చాలా స్ఫటికాలు ఉండొచ్చు. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో 80 కనబడి, డీఎల్‌ఎస్‌లో (నీళ్లలో తేలే కణాల సైజును వెలుతురుతో కొలిచే పరీక్షలో) 250 వస్తే మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. మూడింటి సగటు తీయకండి.

ప్రశ్న: మా జింక్ ఆక్సైడ్ ఎక్స్‌ఆర్‌డీలో 31.8, 34.4, 36.3 శిఖరాలు సరిగానే వచ్చాయి. కానీ 29.4 దగ్గర ఇంకొకటి నిలబడింది. ఇదేమిటి? (తాడిపత్రి)

జవాబు: కాల్షియం కార్బొనేట్. బోరు నీళ్లు వాడారా? మన వైపు నీళ్లలో సున్నం ఎంతుందో టీ గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. క్షారం వేయగానే ఆ సున్నం జింకుతోపాటు కిందికి దిగుతుంది. 450 డిగ్రీలకు అది విడిపోదు కూడా. క్యాన్ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కూడా వద్దు. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే బ్యాటరీల్లో పోసే నీళ్లు తెచ్చి, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) సున్నా దగ్గర చూపిస్తే వాడండి. తొక్కలు కడగడం కుళాయి నీళ్లతో చేసినా ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే.

ప్రశ్న: మాది పట్టు నూలు అద్దకం. రంగునీళ్లలో ఈ జింక్ ఆక్సైడ్ వేసి ఎండలో పెడితే రంగు పోతుందని మా అబ్బాయి కాలేజీలో చూపించారట. మేము వాడుకోవచ్చా? (ధర్మవరం)

జవాబు: అబ్బాయి చూసింది నిజమే, కానీ అక్కడ వాడింది బహుశా మిథిలీన్ బ్లూ, లీటరుకు 10 మిల్లీగ్రాములు, మామూలు నీళ్లలో. మీ తొట్టి సంగతి వేరు. పట్టుకు వాడే యాసిడ్ రంగులకు ఎసిటిక్ ఆమ్లం పోస్తారు కాబట్టి మీ నీళ్లు పుల్లగా, పీహెచ్ 4, 5 దగ్గర ఉంటాయి. అందులో జింక్ ఆక్సైడ్ కరిగిపోతుంది. రంగు పోకపోగా నీళ్లలో జింక్ చేరుతుంది. ముందు సున్నంతో పీహెచ్‌ను 7, 8కి తేవాలి. పైగా చిక్కటి రంగునీళ్లలోకి ఎండ దిగదు. పొడిని మళ్లీ నీళ్లలోంచి తీయడం ఇంకో పెద్ద పని. ఇప్పటికైతే వద్దనే చెబుతాం.

కాలేజీలో ఈ ప్రయోగం చేసే పిల్లలకు నాలుగు మాటలు. 100 మి.లీ. రంగునీళ్లకు 50 మిల్లీగ్రాముల పొడి వేసి, ముందు అరగంట చీకట్లో తిప్పండి. ఆ అరగంటలో తగ్గే రంగు పొడికి అంటుకున్నదే, దాన్ని వెలుతురు ఖాతాలో వేయకూడదు. పొడి లేకుండా రంగునీళ్లు ఒక్కటే ఎండలో పెట్టిన బీకరు పక్కన ఉండాలి, మిథిలీన్ బ్లూ ఒట్టి ఎండకే కొంత వెలిసిపోతుంది. ప్రతి శాంపిల్‌నూ సెంట్రిఫ్యూజ్ చేశాకే 664 నానోమీటర్ల దగ్గర కొలవండి, లేకపోతే తేలే పొడి వెలుతురును చెదరగొట్టి రీడింగ్ పెంచుతుంది. ఇక మన ఏప్రిల్ ఎండలో రెండు గంటల్లో బీకరులో నీళ్లు కళ్లెదుటే తగ్గిపోతాయి, రంగు చిక్కబడుతుంది. శాంపిల్ తీసిన తర్వాత బీకరును తూచి రాసుకోండి. తర్వాతి శాంపిల్ తీసేముందు మళ్లీ తూచి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ పోసి కలపండి. ఈ ఒక్క పని చేయక "మధ్యాహ్నం పొడి పనిచేయడం మానేసింది" అని రాసినవాళ్లున్నారు.

ప్రశ్న: అయ్యా, మా పిల్లోడు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ జింక్ పొడి చేసినాడు. నానో జింక్ శనక్కాయకు మంచిదంటున్నారు. విత్తనానికి పట్టించి చూడొచ్చా? (రైతు, పత్తికొండ)

జవాబు: ఇంట్లో, కాలేజీలో చేసిన పొడిని పొలంలో వేయకండి అయ్యా. కడగడం సరిగా లేకపోతే అందులో సోడియం మిగులుతుంది. బ్యాచ్ బ్యాచ్‌కూ బలం మారుతుంది.

నానో జింక్ మాట ఊరికే పుట్టింది కాదు. తిరుపతి శాస్త్రవేత్తలు వేరుశనగ విత్తనం మీద పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్‌ను 1000 పీపీఎం, అంటే లీటరుకు ఒక గ్రాము, పట్టిస్తే మొలక, వేరు, కాయ బాగున్నాయి. 2000 పీపీఎం దగ్గర అదే పొడి మొక్కను అణచింది. ఒక గ్రాముకూ రెండు గ్రాములకూ మధ్య మంచి చెడుగా మారిపోయింది. తూకం, సైజు తెలియని పొడితో ఆ గీత ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు? ఈ పొడికి బ్యాక్టీరియాను చంపే గుణం కూడా ఉంది. రైజోబియం కల్చర్ (గాలిలోని నత్రజనిని పైరుకు అందించే బ్యాక్టీరియా) పట్టించే విత్తనానికి ఆ సంగతి కూడా చూసుకోవాలి.

ముందు మట్టి పరీక్ష చేయించండి. జింక్ తక్కువని తేలితే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. సూపర్, డీఏపీలతో కలిపి వేయొద్దు, భాస్వరం జింకును కట్టేస్తుంది. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. పిల్లోడికి చూడాలని ఉంటే కుండీల్లో, ఐదు కుండీలకు పొడి, ఐదింటికి జింక్ సల్ఫేట్, ఐదింటికి ఉత్త నీళ్లు పెట్టి చూడమనండి.

ప్రశ్న: కడగడం కష్టమని జింక్ నైట్రేట్, అరటి తొక్క రసం కలిపి, క్షారం లేకుండా హాట్ ప్లేట్ మీద ముద్ద అయ్యేదాకా ఇగరబెట్టాం. ఒక్కసారిగా బుస్సుమని మండి ఎర్రటి పొగ వచ్చింది. ఎందుకు? (ప్రొద్దుటూరు)

జవాబు: నైట్రేట్ ఆక్సిజన్ ఇచ్చే ఉప్పు, రసంలోని చక్కెరలు ఇంధనం. రెండింటినీ ముద్దగా కలిపి వేడి చేశారంటే చిచ్చుబుడ్డి మందు తయారుచేసినట్లే. ఎర్రటి పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు ఏమీ అనిపించకపోయినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఎవరికైనా ఆయాసంగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లి ఏ పొగ పీల్చారో చెప్పండి.

దహన పద్ధతి అని దీనికో పేరుంది, తెలిసి చేసేవాళ్లు ఫ్యూమ్ హుడ్‌లో, వెడల్పాటి పింగాణీ పాత్రలో, రెండు, మూడు గ్రాములకు మించకుండా చేస్తారు. హుడ్ లేనిచోట జింక్ నైట్రేట్ బదులు జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్ వాడండి, 100 మి.లీ.కి 2.2 గ్రాములు, క్షారంతో అవక్షేపం చేసి కడిగే పద్ధతిలోనే. ఎండిన పొడిని నూరేటప్పుడు ఫ్యాన్ ఆపి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. బల్లను తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టొద్దు.

ప్రశ్న: కడిగిన నీళ్లు, మిగిలిన ద్రావణాలు సింకులో పోయొచ్చా? మొక్కల పద్ధతి కాబట్టి హాని లేదంటున్నారు. (డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, కర్నూలు)

జవాబు: పోయకండి. రసం మొక్కదే అయినా అందులోని రాగి, జింక్ మొక్కవి కావు. రాగి కొద్దిపాటిగా ఉన్నా చేపలకు, నీటిలోని జీవులకు విషమే. సింకు నీళ్లు మురుగులో కలిసి ఎక్కడికి చేరతాయో, కేసీ కాలువ కింద తాగేవాళ్లు, పండించుకునేవాళ్లు ఎందరున్నారో మీకు తెలియనిది కాదు. జింకుకు ఒకటి, రాగికి ఒకటి, రెండు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టండి. వారానికోసారి బట్టల సోడా కరిగించి పీహెచ్ 9, 10 మధ్యకు తెండి. రెండు రోజులకు లోహం కార్బొనేట్‌గా అడుక్కు దిగుతుంది. పైనీళ్లు తేటగా ఉన్నాయని చూసుకుని, పీహెచ్ 7కు తెచ్చాకే వదలండి. అడుగున మిగిలిన జింక్ బురదను బాగా కడిగి, సజల నైట్రిక్ ఆమ్లంలో నురగ ఆగేదాకా కొంచెం కొంచెంగా వేసి కరిగిస్తే మళ్లీ జింక్ నైట్రేట్ ద్రావణమే. బలం కొలిచి సీసా మీద రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది పిల్లల మొదటి ప్రాక్టీసు బ్యాచ్‌లకు సరిపోతుంది.